మామయ్య నుంచి అత్తయ్యకు

ఇంకా నాలుగు నిమిషాలు ఉంది. నాలుగు నిమిషాలంటే తక్కువేం కాదు, ఒక బాబిన్ నిండా దారం చుట్టి, కేసులో కూర్చోబెట్టి, మొద్దుబారిన సూది తీసి కొత్తది బిగించి, పాదం కింద గుడ్డ పెట్టి చక్రం ఒక చుట్టు తిప్పి చూడొచ్చు, కానీ ఈ నాలుగు నిమిషాలు మాత్రం అడుగు తీసి అడుగు వేయడం లేదు, గోడ గడియారంలో పెద్ద ముల్లుకు ఎవరో నూనె వేయడం మరిచిపోయినట్టుంది అనుకుంది తుమ్మెద, అనుకుంటూ ఉండగానే తన గొంతులోంచి కూనిరాగం వస్తోందని తెలిసి పెదవులు బిగబట్టింది. ఆ కూనిరాగం వల్లే ఆమెకా పేరు. పదహారో ఏట మేనమామ కుట్టుమిషన్ల రిపేరు దుకాణంలో పనికి చేరిన మొదటి వారమే, ఈ పిల్ల స్క్రూ విప్పినా పాడుతుంది బిగించినా పాడుతుంది, మేనకోడల్ని కాదు తుమ్మెదను తెచ్చిపెట్టుకున్నాను అని మామయ్య వాళ్ళకీ వీళ్ళకీ చెప్పాడు, ఇప్పుడామెకు నలభై ఆరేళ్ళు, కళ్ళజోడు వచ్చింది, జుట్టులో తెల్లదారాలు వచ్చాయి, పేరు మాత్రం వదల్లేదు. దుకాణం షట్టరు సగానికి దించి ఉంది. దాని కింద నుంచి దూరిన ఎండ నేల మీద చాప పరిచినట్టు పరుచుకుని, అరల్లో చీటీలు కట్టి వరసగా కూర్చోబెట్టిన మిషన్ల కాళ్ళ దాకా వచ్చి ఆగింది. ఎదురుగా ఎత్తు పీట మీద మామయ్య, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక నల్ల మిషనును వెల్లకిలా పడుకోబెట్టి అరిగిపోయిన టూత్ బ్రష్షుతో పళ్ళు తోముతున్నాడు, నిజంగానే పళ్ళు, సూది కింద ఉండి గుడ్డను ముందుకు నెట్టే రంపపు పళ్ళు, వాటి సందుల్లో ఎన్నేళ్ళ నూగు పేరుకుపోయిందో, తీసిన కొద్దీ వస్తోంది. ఆయన ఇవాళ రానక్కరలేదు. సెలవు రోజు, అందులోనూ ఆయన పనిచేయడం మానేసి ఆరేళ్ళు. వచ్చాడు. ఎందుకొచ్చారని అడిగితే, మిషను పళ్ళు తోమడానికి అన్నాడు.

మిషన్లు ఎలా బాగుచేసుకోవాలో రాసే తన బ్లాగును కొత్త చిరునామాకు మార్చడానికి ఆదివారం పదకొండు గంటలు అని ఊరికే అనుకున్నది కాదు. బ్లాగు మొదలుపెట్టిన తొమ్మిదేళ్ళలో ఏ వారం ఏ గంటలో ఎందరు వచ్చారో తీసి చూసింది, అన్నిటికన్నా తక్కువమంది వచ్చేది ఈ గంటలోనే, అప్పటికి కుట్టే వాళ్ళు ఇంకా కూర్చోరు, కూర్చున్న వాళ్ళ మిషన్లు ఇంకా మొరాయించవు. మొరాయించేది మధ్యాహ్నం. శనివారం సాయంత్రం మరీను, సోమవారం పొద్దున స్కూల్లో నాటకం, పదహారు కోట్లు కుట్టాలి, తొమ్మిదోదాని చెయ్యి దగ్గర కింద దారం గుబురు కట్టి కూర్చుంది, ఏం చెయ్యాలి అని ఒక టీచరు రాసింది ఒకసారి, ఆ అక్షరాలు చూస్తేనే ఏడుస్తూ రాసిందని తెలిసింది, ఆవిడ వెతికింది ఆ మూడు మాటలే, కింద దారం గుబురు, ఆ మూడు మాటలు కొడితే సెర్చ్ ఇంజిన్ చూపించే మొదటి పేజీలో మొట్టమొదటి వరస ఆరేళ్ళుగా తుమ్మెదదే. కింద కనిపించే గుబురుకు కారణం పైన ఉంటుందండీ, పై దారం ఒకసారి పూర్తిగా తీసేసి, పాదం ఎత్తి ఉంచి, మళ్ళీ ఎక్కించండి, అంతే. అంతే. ఆ టీచరు నలభై నిమిషాల తర్వాత రాసింది, పదో కోటు మీద ఉన్నానని. ఆ మొదటి వరస ఇప్పుడు కాసేపట్లో గాల్లోకి లేస్తుంది. లేచినది లేచినట్టే కొత్త చోట దిగుతుందా, దిగేటప్పుడు ఇరవయ్యో పేజీ అడుగున ఎక్కడో పడుతుందా అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేదు, ఆమె చదివిన వాటిలో ప్రతివాడూ దిగుతుంది అని రాసి, కిందే చిన్న అక్షరాలతో సాధారణంగా అని రాశాడు. ఇరవయ్యో పేజీ దాకా ఏ టీచరు వెళుతుంది, తొమ్మిదో కోటు చేతిలో పెట్టుకుని.

మూడు నిమిషాలు. భయమా ఇది, కాదు, భయమైతే కడుపులో ఉండాలి, ఇది వేళ్ళ చివర్లలో ఉంది, మొదటిసారి ఒక మిషను మొత్తం విప్పి నూట పధ్నాలుగు ముక్కలు దుప్పటి మీద పరిచి, మామయ్య భోజనానికి వెళ్ళిన గంటలో మళ్ళీ బిగించి, ఒక్క ముక్కా మిగలకుండా బిగించి, పెడల్ మీద కాలు పెట్టబోయే ముందు ఉన్నది ఇదే. అప్పుడు పదిహేడేళ్ళు. అది తిరిగింది. తిరిగిన చప్పుడు విని మామయ్య చెయ్యి కడుక్కోకుండానే వచ్చాడు, మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు, మర్నాటి నుంచి కష్టమైన వాటిని ఆమె వైపు నెట్టడం మొదలుపెట్టాడు. అయినా వచ్చిన వాళ్ళు మాత్రం, చేతిలో స్క్రూడ్రైవరుతో నిలబడ్డ ఆమెను చూసి, మామయ్య లేడా అమ్మా అనే అడిగేవాళ్ళు. ఉన్నారు, లోపల ఉన్నారు అనేది. లోపలికి తీసుకెళ్ళి, తనే బాగుచేసి, బయటికి తెచ్చి ఇచ్చేది. మామయ్య చెయ్యి పడిందిగా, ఇంక ఢోకా లేదు అనేవాళ్ళు. ఆ మాటకు ఆమె నవ్వేది, కోపం వచ్చిన రోజులూ ఉన్నాయి, కానీ ఇచ్చే ముందు తిప్పి చూపిస్తే మిషను చప్పుడు తేడా లేకుండా వినిపిస్తుంటే కోపం ఎక్కువసేపు నిలిచేది కాదు.

అందుకే బ్లాగు పెట్టినప్పుడు దానికి మిషన్ మామయ్య అని పేరు పెట్టడం ఎవరికీ వింతగా అనిపించలేదు, ఆమెకూ అనిపించలేదు. అప్పట్లో అది నిజమే. మామయ్య చెప్పేవాడు, ఆమె టైపు చేసేది, మొదటి నలభై ఒక్క వ్యాసాలూ ఆయన మాటలే, ఆయన విసుర్లతో సహా. తర్వాత ఆయన చేతికి వణుకు వచ్చింది, దాంతో ఆసక్తి పోయింది, నీకు తెలిసిందేగా రాసెయ్ అన్నాడు. రాసేసింది. నలభై రెండు నుంచి మూడువందల పన్నెండు దాకా అన్నీ ఆమెవే. ఎవరూ తేడా కనిపెట్టలేదు. మామయ్యగారూ నమస్కారం, మామయ్యగారూ మీ రుణం తీర్చుకోలేను, మామయ్యగారూ మా ఆవిడకు మీరంటే ప్రాణం. ఆమె ఎక్కడా అబద్ధం ఆడలేదు, ఆ సంగతి వెనక్కి తిరిగి అన్నీ చదివినప్పుడు తెలిసి ఆమెకే ఆశ్చర్యం వేసింది, నేను విప్పాను, నేను చూశాను, నా చేతికి గీసుకుంది, తెలుగులో నేను అనే మాటకు ఆడా మగా లేదు, వచ్చాడు వచ్చింది అనాల్సి వస్తేనే బయటపడతాం, నేను వచ్చాను అంటే ఎవరొచ్చినా వచ్చినట్టే. తొమ్మిదేళ్ళు ఆ నేను చాటున హాయిగా కూర్చుంది. పేజీ పైన ఉన్న ఫొటోలో నూనె నల్లగా పట్టిన రెండు చేతులు కూడా ఆమెవే, గాజులు తీసి బల్ల సొరుగులో పెట్టి దిగినవి. ఒక్కసారి మాత్రం జారింది. ఏడో నెల కడుపుతో బల్ల అంచు తగులుతుంటే మిషనుకు పక్కగా కూర్చుని బెల్టు మార్చే పద్ధతి కనిపెట్టింది, అది రాసింది, రాసి, పొట్ట తగిలేవాళ్ళకు అని మార్చింది. దానికి వచ్చిన కామెంట్లన్నీ లావుపాటి మగవాళ్ళవి.

మొన్న వేసవిలో ఎవరి ఇంట్లోనో విందుకు వెళ్ళిన మామయ్య తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే దుకాణంలోకి వచ్చి నిలబడ్డాడు. అక్కడ ఒక పెద్దమనిషి, రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో మిషన్లన్నిటికీ పెద్ద, ఎవరో చూపిస్తే ఎదురొచ్చి ఈయన రెండు చేతులూ పట్టుకుని, కాజాలు కుట్టే ఆటోమేటిక్ మిషను గురించి మీరు రాసింది ప్రింటు తీసి గోడకు అంటించామండీ అన్నాడట. మామయ్య ఆ మిషనును జన్మలో విప్పి ఎరగడు. ఆ మనిషి అందులో ఒక స్ప్రింగు గురించి అడిగాడట, పదిమంది చుట్టూ చేరారట, ఈయన మంచినీళ్ళ కోసమని లేచి అలాగే ఇంటికి వచ్చేశాడు. కోపంగా ఉన్నాడనుకుంది. కాదు, సిగ్గుపడుతున్నాడు, ఆయన సిగ్గుపడగా ఆమె ఎప్పుడూ చూడలేదు కాబట్టి పోల్చుకోలేదు. “నేను చెయ్యని పనికి నాకు దండాలు పెట్టించకు తుమ్మెదా,” అన్నాడు. “నా పేరు తీసెయ్. ఎవరు చేశారో వాళ్ళ పేరు పెట్టు.” పేరు ఒక్కటే తీస్తే పోయేది కాదు, బ్లాగు చిరునామాలోనే మామయ్య ఉన్నాడు, ప్రతి పేజీ చిరునామాలోనూ ఉన్నాడు, పేరు మార్చడమంటే ఇల్లు మారడమే, మారితే పాత గుమ్మానికి అలవాటుపడ్డ వాళ్ళంతా ఏమవుతారు అని ఆమె చెప్పుకుపోతుంటే, ఆయన చెప్పులు విప్పి, అవన్నీ నాకెందుకు, నువ్వు మిషను ముక్కలు పోకుండా బిగిస్తావుగా, ఇదీ అలాగే బిగించు అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి కాదు, ఆ వారమంతా కాదు, ఎనిమిదో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ ఆమె అద్దంలోకి చూసి మిషన్ అత్తయ్య అంది. ఒళ్ళు జలదరించింది. ఆ చిరునామా ఎవరూ తీసుకోలేదు. తీసుకుంది. ఇంట్లో చెబితే మామయ్య భార్య, అసలు సిసలు అత్తయ్య, గరిటె చేత్తో పట్టుకుని వచ్చి, నేను సూదిలో దారం కూడా ఎక్కించలేనే, రేపు నా దగ్గరికి ఎవడైనా స్ప్రింగు పట్టుకుని వస్తే నేనేం చెప్పను అని నిజంగానే బెంగపడింది.

రెండు నిమిషాలు. ఫోను బల్ల మీద వెలుగుతోంది, స్పీకరులో వదిన ఊపిరి వినిపిస్తోంది, అన్నయ్య భార్య, ముప్ఫై ఏళ్ళు గ్రంథాలయంలో పుస్తకాల జాబితాలు రాసి రిటైరైన మనిషి, ఈ మూడు నెలలూ ఆమె లేకపోతే తుమ్మెద ఎప్పుడో చేతులెత్తేసేది. దారి మళ్ళించడం అన్న సంగతి సాఫ్ట్‌వేరు వాళ్ళ రాతల్లో ఎంత చదివినా బుర్రకెక్కలేదు, వదిన ఒక్క ముక్కలో చెప్పింది, పుస్తకం ఒక అరలోంచి ఇంకో అరలోకి మారితే పాత చోట ఒక చీటీ పెడతాం, ఫలానా చోటికి వెళ్ళండి అని, ప్రతి పుస్తకానికీ ఒక చీటీ, అన్నిటికీ కలిపి ఒకే చీటీ పెడితే గ్రంథాలయం అవతల ఉంది అని చెప్పినట్టే, పుస్తకం దొరకదు. చీటీ కూడా రెండు రకాలట, ప్రస్తుతానికి అక్కడ ఉంది అనేది ఒకటి, శాశ్వతంగా మారింది అనేది ఇంకోటి, సెర్చ్ ఇంజిన్ రెండోదాన్ని చూస్తేనే పాత పేజీకి ఉన్న పరపతిని కొత్త పేజీకి రాసిస్తుంది. పాత బ్లాగు చిరునామాల్లో తేదీలు ఉండేవి, కొత్త చోట తేదీలు పడవు, జబ్బు పేరు మాత్రమే ఉంటుంది, కాబట్టి మూడువందల పన్నెండు పాత చిరునామాలకు మూడువందల పన్నెండు కొత్తవి చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. వదిన గళ్ళ నోటుపుస్తకంలో ఎడమ పాతది కుడి కొత్తది రాసి ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెట్టింది, పేజీల లోపల ఒకదానికొకటి చూపించుకునే వెయ్యి లింకుల్నీ సరిచేయించింది, పాత చిరునామాను ఇంకో మూడేళ్ళ దాకా వదులుకోకుండా పట్టుకోమంది. ఒక్కచోటే గట్టిగా పోట్లాడుకున్నారు. కొత్త ఇంటికి వెళుతున్నాం కదా, పాత రాతలు కొంచెం సవరిస్తాను, నలభయ్యో వ్యాసంలో మామయ్య చెప్పింది తప్పు, పొట్ట తగిలేవాళ్ళకు అన్నది అసలు సంగతి రాసేస్తాను అని తుమ్మెద అంటే, అక్షరం ముట్టుకోవద్దంది వదిన, మారేది చిరునామా ఒక్కటే, సరుకు సరుకులా వెళ్ళాలి, అదే పుస్తకమని సెర్చ్ ఇంజిన్ గుర్తుపట్టాలి, దిద్దుబాట్లు కుదురుకున్నాక చేసుకో. తుమ్మెద రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోను చేసి సరేనంది.

పదకొండు. “టైమయింది వదినా,” అంది, నొక్కింది, ఏ చప్పుడూ రాలేదు. ఇంత పెద్ద పనికి చిన్న టిక్కుమన్న చప్పుడైనా ఉండాల్సింది. తెర మీద మార్పులు భద్రపరచబడినవి అని ఒక వాక్యం వచ్చి కూర్చుంది. మామయ్య బ్రష్షు ఆగింది. ఆమె పాత చిరునామా కొట్టింది, మిషన్ మామయ్య, ఎంటర్, తెర ఒక్క క్షణం తెల్లబోయి, మిషన్ అత్తయ్య అని విప్పారింది, నీలం అక్షరాలు, కింద నూనె చేతులు, ఈసారి గాజులతో. కుడి మూల నా గురించి అనే పేజీ, అందులో ఆమె పదకొండుసార్లు రాసి కొట్టేసి మిగిల్చిన నాలుగు వాక్యాలు, ఈ మిషన్లన్నీ విప్పింది నేనే, నాకు నేర్పింది మా మామయ్య, ఇన్నాళ్ళూ ఆయన పేరుతో రాశాను, ఇక నా పేరుతో రాస్తాను. ఛాతీలో ఏదో చక్రం గిర్రున తిరిగింది. అది చూడండి మామయ్యా అనబోతూ ఉండగా ఫోనులోంచి వదిన గొంతు వచ్చింది, గ్రంథాలయంలో మాట్లాడే గొంతు, ఎంత కంగారుగా ఉంటే అంత మెల్లగా మాట్లాడే గొంతు.

“నలభై ఏడు నొక్కాను. గుమ్మంలో దింపేసి పోయింది.”

నలభై ఏడు అంటే సూది మాటిమాటికీ విరగడం. అది అడిగినవాళ్ళకు ఆ పేజీయే రావాలి, తుమ్మెద నొక్కితేనూ వచ్చింది ముఖద్వారం, బ్లాగు మొదటి పేజీ. నూట ఆరు నొక్కింది తుమ్మెద, ముఖద్వారం. రెండువందల మూడు, ముఖద్వారం. కింద దారం గుబురు, ముఖద్వారం. అంటే ఇప్పుడు, ఈ నిమిషంలో, పాత లింకు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తున్న వాళ్ళందర్నీ తెచ్చి వీధి గుమ్మంలో పడేస్తోంది, మీకు కావలసింది లోపల ఎక్కడో ఉంది వెతుక్కోండి అంటోంది, సెర్చ్ ఇంజిన్ గాని ఇప్పుడే వచ్చి చూసిందా, మూడువందల పన్నెండు పేజీలూ పోయాయి, మిగిలింది ఒక్క గుమ్మమే అని రాసుకుపోతుంది, ఆరేళ్ళ మొదటి వరస ఒక్క ఆదివారంలో. అదేం వింతో, చెడిపోయిన మిషను ముందు కూర్చున్నట్టే ఉంది, ఇది తనకు తెలిసిన చోటు, చెడిపోయింది అంటే కారణం ఉంటుంది, కారణం ఉంటే దొరుకుతుంది. చీటీల ఫైలు తెరిచింది. వరసలన్నీ ఉన్నాయి, ఎడమ పాతది కుడి కొత్తది, నలభై ఏడు సరిగానే ఉంది, నూట ఆరు సరిగానే ఉంది. మరి ఎందుకు వాటి దాకా వెళ్ళడం లేదు. వెళ్ళడం లేదు అంటే మధ్యలో ఎవరో ఆపుతున్నారు. మధ్యలో కాదు, పైన. కింద గుబురు కనిపిస్తే పైన చూడమని ఊరందరికీ చెప్పింది ఎవరు. ఫైలు మొదటి వరసకు పాకింది, అక్కడ ఉంది, బుధవారం నాడు ఈ పద్ధతి అసలు పనిచేస్తుందో లేదో చూడటానికి పెట్టి తీయడం మరిచిపోయిన ఒకే ఒక్క వరస, ఏది అడిగినా ముఖద్వారానికి పంపు. సర్వరు పైనుంచి చదువుతుంది, మొదట కుదిరినదాన్ని పట్టుకుని వెళ్ళిపోతుంది, దాని కింద ఎన్ని వందల చీటీలున్నా చూడదు. తీసేసింది. భద్రపరిచింది. నలభై ఏడు నొక్కింది.

ముఖద్వారం.

మళ్ళీ నొక్కింది. ముఖద్వారం. వరస తీసేసిన మాట నిజమేనా, నిజమే, ఫైలులో లేదు, అయినా ముఖద్వారం, ఇదేం మొండితనం, అరిగిన స్క్రూ లాగా చుట్టూ తిరుగుతుందే తప్ప ఊడి రాదు. గడియారం పదకొండూ ఆరు చూపిస్తోంది. ఇందాక కదలని ముల్లు ఇప్పుడు పరుగులు పెడుతోంది. వదిన ఏదో అంటోంది, వినపడటం లేదు, మామయ్య పీట దిగి వచ్చి వెనక నిలబడ్డాడు, కిరోసిను వాసన, ఆయనకు కంప్యూటరు గురించి ఓనమాలు రావు, కానీ ఏ మిషను దగ్గరైనా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది, ముప్ఫై ఏళ్ళుగా అదే ప్రశ్న. “పాడైంది మిషనా, చూసేవాడి కన్నా?” అన్నాడు. కన్ను. తను చూస్తున్నది తన కంప్యూటరులోంచి. అది ఆరు నిమిషాల క్రితమే శాశ్వతంగా మారింది అన్న మాట విని నమ్మి గుర్తుపెట్టుకుంది, శాశ్వతం అన్నాక మళ్ళీ వెళ్ళి అడగడం ఎందుకని అడగడమే మానేసింది, దాని తప్పు కాదు. “వదినా, మీ ఫోనులోంచి చూడండి. ఇంతకుముందు తెరవనిది ఏదైనా.” ఫోనులో కాగితాల చప్పుడు, గళ్ళ నోటుపుస్తకం పేజీ తిరిగిన చప్పుడు, ఎంత సేపు, ఒక మనిషి ఒక లింకు నొక్కడానికి ఎంత సేపు పడుతుంది. “నూట తొంభై రెండు,” అంది వదిన. “బెల్టు జారిపోవడం. బెల్టు పేజీ వచ్చింది.” ఆగి, “మూడు వందలు. పాదం కిందికి దిగకపోవడం. వచ్చింది,” అంది. తుమ్మెద బ్రౌజరు జ్ఞాపకాన్ని పూర్తిగా చెరిపేసి నలభై ఏడు నొక్కింది, సూది మాటిమాటికీ విరుగుతోందా, అయితే ముందు సూదిని కాదు మీ చేతిని చూసుకోండి, గుడ్డను లాగుతున్నారా, ఆ మొదటి వాక్యం మామయ్యది కాదు, తనది, ఎంత బాగుంది, ఇంత బాగుందని ఎప్పుడూ అనుకోలేదు. మామయ్య వెనక నుంచి వంగి చదివి, ఇది నేను చెప్పానా అన్నాడు. కాదు, మీరు చెప్పింది నలభై ఒకటి దాకానే అంది. ఆయన ఏదో ఆలోచించి, బాగా చెప్పావు అన్నాడు. పదిహేడో ఏట మిషను చుట్టూ తిరిగి కూడా అనని మాట అది, ఎంత మామూలుగా అనేశాడో, అని పీట ఎక్కి కూర్చుని బ్రష్షు అందుకున్నాడు.

ఇక ఆగలేదు. వదిన అక్కడ బేసి సంఖ్యలు, తుమ్మెద ఇక్కడ సరి సంఖ్యలు, ఇద్దరూ పోటీ పడి నొక్కుకుంటూ పోయారు, వచ్చింది, వచ్చింది, వచ్చింది, రెండు చోట్ల అక్షరం తప్పుపడి ఇలాంటి పేజీ లేదు అని వచ్చింది, సరిచేసింది. కొత్త పేజీల జాబితాను సెర్చ్ ఇంజిన్ వాళ్ళకు అందజేసింది, వాళ్ళ దగ్గర చిరునామా మార్పు అని ఒక అర్జీ లాంటిది ఉంటుంది, పాతదీ నాదే కొత్తదీ నాదే అని రుజువు చూపించి అది కూడా పెట్టింది. పెట్టాక సర్వరు చిట్టా తెరిచింది, ఎవరొచ్చినా ఒక వరస పడుతుంది అందులో, ఏ గుమ్మం తట్టారు, ఏం జవాబు దొరికింది. ఆ ఆరు నిమిషాల్లో తప్పు దారి పట్టి గుమ్మంలో దిగినవాళ్ళు ఏడుగురు. ఏడుగురూ మనుషులే, పేజీలు చదువుకుపోవడానికి సెర్చ్ ఇంజిన్ పంపే సాలీడు ప్రోగ్రాము రాలేదు. ఏడుగురికీ మనసులోనే క్షమాపణ చెప్పుకుంది. చెప్పుకుంటూ ఉండగా అడుగున కొత్త వరస పడింది, పేరు చూసి తెర మీదికి వంగింది, అదే, సాలీడు, పాత చిరునామా తలుపు తట్టింది, కింద దారం గుబురు, జవాబు మూడువందల ఒకటి, అంటే శాశ్వతంగా మారింది. తర్వాతి వరస పడలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తనకు తెలియకుండానే లెక్కపెడుతోంది, చీటీ చదువుకుంటోందా, నమ్మిందా, నమ్మలేదా, తొమ్మిది, పది, పడింది. కొత్త చిరునామా, కింద దారం గుబురు, జవాబు రెండువందలు, అంటే దొరికింది. ఆ వెంటనే ఇంకోటి, ఇంకోటి, పాతది కొత్తది, పాతది కొత్తది, కుట్టు పడుతున్నట్టు వరసలు పడుతున్నాయి, పై దారం కింద దారాన్ని పట్టుకుని లేస్తోంది, తుమ్మెద కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో తెలియదు, నిలబడి చూస్తోంది, ఆమె గొంతులోంచి వచ్చేది ఇప్పుడు కూనిరాగం కాదు, పూర్తి పాటే, ఏ పాటో ఆమెకే తెలియదు, వదిన ఫోనులోంచి ఏమైందని అడుగుతోంది, మామయ్య చెబుతున్నాడు, ఏమీ కాలేదమ్మా, బాగుపడింది అని.

(తర్వాతి సంగతి చెప్పాలంటే, ఆ మొదటి వరస వారం తిరిగేసరికి నాలుగో వరసకు జారింది, పదకొండు రోజులు అక్కడే ఉండి తుమ్మెదకు అన్నం సయించకుండా చేసింది, ఇరవై మూడో రోజున అత్తయ్య పేరుతో మొదటి వరసకు ఎక్కింది. రెండు పేజీలు మాత్రం ఎందుకో మళ్ళీ కోలుకోలేదు. ఫ్యాక్టరీ పెద్దమనిషి గోడ మీది కాగితం కింద కొత్త పేరు చేత్తో రాసి ఫొటో పంపాడు. ఇకపై మగవాళ్ళ మిషన్ల గురించి మగవాళ్ళనే అడుగుతాను అని ఒకాయన రాసి వెళ్ళిపోయాడు, మగ మిషను ఎలా ఉంటుందో కనుక్కోమని మామయ్య చాలా పట్టుబట్టాడు. అవన్నీ తర్వాత.)

అప్పటికింకా పన్నెండు కాలేదు. పాట ఆపి కూర్చుని, కామెంట్ల పెట్టెలో ఒకటి అని ఎర్రగా కనిపిస్తే తెరిచింది. కొత్త చిరునామాలో రాసిన మొదటి మనిషి. పేరు లేదు, గుమ్మంలో దిగిన ఏడుగురిలో ఒకరే అయివుండాలి, నా గురించి పేజీ కిందే రాశారు. “ఇక్కడ మామయ్యగారు ఉండేవారు. మీరెవరైనా సరే, ముందు ఇది చెప్పండి. నా మిషను వెనక్కి తప్ప ముందుకు కుట్టడం లేదు. నిన్నటిదాకా బాగానే ఉంది. మధ్యాహ్నానికి ఈ కర్టెన్లు ఇచ్చెయ్యాలి.” తుమ్మెద రెండుసార్లు చదివింది. మూడువందల పన్నెండులో ఇది లేదు. వెనక్కి కుట్టని మిషన్ల గురించి నాలుగు రాసింది, వెనక్కి మాత్రమే కుట్టేది, తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగలేదు. మామయ్యా, ముందుకు పోని మిషను చూశారా ఎప్పుడైనా అని అడిగింది. స్ప్రింగు తెగి ఉంటుందన్నాడు ఆయన, తల ఎత్తకుండా. తెగితే చప్పుడు వస్తుంది, ఇందులో చప్పుడని రాయలేదు, ఎన్నాళ్ళుగానో నూనె గడ్డకట్టి వెనక్కి తిప్పే మీట అక్కడే ఇరుక్కుని ఉంటుంది, అంది ఈమె. కాదు స్ప్రింగే. కాదు నూనే. ఆయన పీట దిగాడు. ఈమె అప్పటికే అరలోంచి ఒక మిషనును బల్ల మీదికి దించి పక్క మూత స్క్రూలు విప్పుతోంది, ఒక చేత్తో విప్పుతూ ఇంకో చేత్తో టైపు చేసింది. “వెనక్కి కుట్టే మీటను ఒకసారి కిందికి నొక్కి వదిలెయ్యండి. దానంతటదే పైకి వస్తోందా?”

మామయ్య కళ్ళజోడు తుడుచుకుని తెర ముందుకు వచ్చి నిలబడ్డాడు. తుమ్మెద చేతికి మూత ఊడి వచ్చింది. లోపల మీట కడ్డీ చుట్టూ పాత నూనె తేనెరంగులో గట్టిపడి ఉంది, ఈ మిషనులోనూ. గోటితో గీకి చూస్తుండగా మామయ్య గట్టిగా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివాడు.

“రావడం లేదు అత్తయ్యా, బిగిసిపోయింది, నేనే బలం పెట్టి ఎత్తాల్సి వస్తోంది.”

చదివి, “నూనే,” అన్నాడు. అని కిరోసిను సీసా ఆమె వైపు జరిపాడు.